కిటికీకి అడ్డమొచ్చిన గోరింట

మా జిల్లాలో వాన కోసం ఎదురుచూడని ప్రాణి ఒక్కటే, మా పక్కింటి గోరింట. చేలల్లో వేరుశనగ మొలిచి, ఆకాశం వైపు ఒకసారి చూసి, అలిగి ఎండిపోయిన ఏడాది కూడా అది మాత్రం ఎవరో చాటుగా పాలు పోస్తున్నట్టు పెరిగింది. నీళ్ళ ట్యాంకరు వారానికోసారి వచ్చే వీధిలో అంత పచ్చగా ఉండటం ఒక రకంగా మర్యాద తక్కువ పని. దానికి ఆ ఇంగితం లేదు.

ధర్మవరంలో నేతగాళ్ళ కాలనీకి చివర మా ఇల్లు. మా ఇంటికీ పక్కింటికీ మధ్య హద్దు అంటే నడుమెత్తు నిలువు బండలు. బండలకు అవతల, వాళ్ళ జాగాలో, గోరింట వరస. ఇవతల ఒక మనిషి పక్కకు తిరిగి నడిస్తే పట్టేంత సందు. ఆ సందులోకి తెరుచుకునే కిటికీ పక్కనే మా నాయన మగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు దించుకుని, ఆ కిటికీ వెలుతురులో, నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన పట్టుచీరలు నేస్తూనే ఉన్నాడు. చిన్నప్పుడు మా నాయనకు నడుము కింద ఏమీ ఉండదని అనుకునేవాడిని.

గోరింట నాటింది పక్కింటి అత్త. రక్తసంబంధం ఏమీ లేదు. మా వీధిలో గోడ కలిస్తే చుట్టరికం కలిసినట్టే. ఆమె నాకు అత్త, ఆమె మొగుడు మామ, అమ్మకు అన్న, నాయనకు బావ. ఆషాఢం వచ్చిందంటే వీధిలో ఆడవాళ్ళంతా చేటలు పట్టుకుని వాళ్ళ వాకిట్లో వాలేవాళ్ళు. అత్త దగ్గరుండి కొమ్మలు వంచి ఇచ్చేది. ఆ ఒక్క నెలలో గోరింటకు ఏడాదికి సరిపడా క్షవరం అయిపోయేది. నాలుగేళ్ళ కిందట అత్త పోయింది. ఒంటరి మగమనిషి వాకిట్లోకి పోయి ఆకు కోసుకోవాలంటే ఆడవాళ్ళకు మొగమాటం. అందరూ అంగట్లో కోన్లు కొనుక్కోవడం మొదలుపెట్టారు. మామ కత్తి పట్టలేదు. గోరింట మొదట బండలు దాటింది, తర్వాత సందు దాటింది, ఆ తర్వాత మా కిటికీ చువ్వల్లోంచి చెయ్యి పెట్టి నాయన భుజం తట్టేదాకా వచ్చింది.

"వెలుతురు చాల్లేదురా" అని నాయన అనడం మొదలుపెట్టింది ఆ రోజుల్లోనే.

నేను బస్టాండు దగ్గర ఫోన్లు బాగుచేసే అంగట్లో పని చేస్తాను. పగిలిన అద్దం తీసి కొత్తది అతికించడం నా విద్య. అందువల్ల ప్రపంచంలో ప్రతి సమస్యకూ యాడో ఒకచోట విడిభాగం దొరుకుతుందని నా నమ్మకం. ఆ రోజే ఒక ఎల్‌ఈడీ ట్యూబులైటు తెచ్చి మగ్గం పైన బిగించాను. నాయన దాని వైపు చూసి, దాని కింద పట్టు వైపు చూసి పెదవి విరిచాడు.

"ట్యూబులైటు కింద రంగు అబద్ధం చెప్తాదిరా. పట్టును పగటి వెలుతురులోనే చూడల్ల."

ఇది నేతగాళ్ళందరూ అనే మాటే. నిజం కూడా.

"మరేం చేయమంటావు నాయనా?"

"చేసేదేముండాది? ఆ చెట్టు అట్ల పెరిగిపాయె."

అప్పటి నుంచి మా ఇంట్లో ఏది జరిగినా చెట్టు పేరే. పోగు తెగితే చెట్టు. అడ్డదారం విసిరే నాడె చేతిలోంచి జారి గుంతలో పడితే చెట్టు. ఒకసారి చాయ్ గ్లాసుకు కాలు తగిలి ఒలికిపోతే కూడా చెట్టునే తిట్టాడు. ఆ గ్లాసు ఉన్నది వంటింట్లో. నేను పగలబడి నవ్వాను. అమ్మ నవ్వలేదు. అమ్మకు హాస్యం తక్కువ అనుకున్నాను.

మా పనిలో పట్టు, జరీ అన్నీ షావుకారువే. ఆయన పడుగు పంపుతాడు, అంటే నిలువు దారాల చుట్ట. దాని మీద మూడు నాలుగు చీరలు వస్తాయి. అది అయిపోతే ఇంకొక పడుగు పంపుతాడు. అలా పంపినంత కాలం మగ్గం ఆడుతుంది. పంపకపోతే అది నాలుగు కొయ్యలు, ఒక గుంత.

ఒక రోజు మధ్యాహ్నం షావుకారు చీర తీసుకోవడానికి వచ్చాడు. ఒళ్ళంతా ముదురు నీలం, కొంగు ముదురు ఆకుపచ్చ. మడత విప్పి వాకిట్లో ఎండకు పట్టాడు. నీలం మధ్యలో నాలుగు వేళ్ళ వెడల్పున పచ్చపట్టీ కనిపించింది. కొంగులో పడాల్సిన రంగు, దారి తప్పి ఒంట్లోకి వచ్చింది.

"ఏమప్పా ఇది?" అన్నాడు షావుకారు. కోపంగా కాదు, వింతగా. ముప్పై ఏళ్ళలో నాయన చీరలో ఆయన అలాంటిది చూడలేదు.

నాయన మగ్గం దగ్గర నుంచి లేవలేదు. "నువ్వే చూడు సావుకారూ, ఆ కిటికీ ఎట్లుండాదో. చీకట్లో నీలమేది, పచ్చేది?"

షావుకారు లోపలికి వచ్చి కిటికీలోంచి చూశాడు. ఆకులు తప్ప ఏమీ లేవు. "అయ్యో, ఇది అడివి కదప్పా! కొట్టించు" అన్నాడు.

"నాదయితే కొట్టిస్తా. బావది కదా."

బండల అవతల నుంచి మామ దగ్గు వినిపించింది. అంతా విన్నాడని అర్థం. షావుకారు అటు తిరిగి, "ఏమప్పా పెద్దమనిషీ, నీ చెట్టు వల్ల నా చీర పాయె" అన్నాడు. ఆకుల వెనక నుంచి జవాబు వచ్చింది: "చెట్టుకు ఏం తెల్సు సావుకారూ, అది పెరుగుతాది."

ఆ మర్నాటి నుంచి అమ్మ ఒక కొత్త పని మొదలుపెట్టింది. కండెలు, అంటే నాడెలో పెట్టే అడ్డదారాల చిన్న చుట్టలు, చుట్టేది అమ్మే. అంతకు ముందు అన్నీ ఒకే బుట్టలో వేసేది. ఇప్పుడు నీలం కండెలు స్టీలు గిన్నెలో వేసి నాయన కుడిపక్కన, పచ్చవి ఈతాకుల బుట్టలో వేసి ఎడమపక్కన పెట్టసాగింది. గిన్నె తీసి వేరేచోట పెడితే నా మీద అరిచేది. ఇల్లంతా చిందరవందరగా ఉన్నా పట్టించుకోని మనిషికి ఈ ఒక్కచోట ఈ క్రమశిక్షణ ఏమిటో నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని ప్రయత్నించినట్టు కూడా గుర్తులేదు.

ఒక ఆదివారం నేను మామ దగ్గరికి పోయాను. మామ కూడా ఒకప్పుడు నేతగాడే. గుంతలో కూర్చుని కూర్చుని మోకాళ్ళు అరిగిపోయాయనీ, అందుకే మగ్గం దిగాననీ చెప్పేవాడు. గుంత పూడ్చి, పైన బండ పరిచి, ఆ గదిలోనే బీడీలు, బిస్కెట్లు, సబ్బులు అమ్మే అంగడి పెట్టుకున్నాడు. సోడాబుడ్డి కళ్ళద్దాలు. వాటి వెనక కళ్ళు గోలీకాయలంత కనిపించేవి.

"మామా, మీ చెట్టు మా ఇంట్లోకొచ్చి సంసారం చేస్తాండాది."

"చెయ్యనీ అల్లుడూ. బాడుగ అడగలే కదా."

"నాయనకు వెలుతురు ల్యాక చీరలు చెడిపోతాండాయి మామా."

మామ బీడీ కట్ట మీది దారం సర్దుతూ, "మీ నాయన చెప్పి పంపినాడా?" అన్నాడు.

"ఆయన చెప్పలే. రోజూ తిడతాంటే వినలేక నేనే వచ్చినా."

"తిట్టుకోనీలే. నేనేమీ అనుకోలే."

"నువ్వు అనుకుంటే ఎంత, అనుకోకపోతే ఎంత మామా! కొట్టు దాన్ని."

"కొట్టను పో."

అత్త చేత్తో నాటిన చెట్టు, అందుకే మనసు రావడం లేదనుకున్నాను. కాలనీలో అందరూ అదే అనుకున్నారు. నేను దాన్ని ఇంకొంచెం ముందుకు తీసుకుపోయి, మామ తాజ్‌మహల్ కడితే ఇంకొకరి కిటికీకి అడ్డం కడతాడని బస్టాండులో చెప్పి నవ్వించాను. బాగా పేలింది ఆ జోకు. అది మామ దాకా కూడా పోయిందని తర్వాత తెలిసింది.

ఇంటికొచ్చి నాయనతో చెప్తే ఆయన మొహం చిట్లించాడు. "నిన్నెవురు పొమ్మన్నారు? ఆయప్ప పెండ్లాం గుర్తుకు పెట్టుకున్న చెట్టు. ఉండనీ."

"రోజూ తిట్టేది నువ్వే కదా!"

"తిడితే? తిట్టే హక్కు కూడా లేదా నాకు?"

అమ్మ వంటింట్లోంచి, "ఇప్పుడు ఆ చెట్టు జోలి ఏంటికిరా నీకు" అంది. ముగ్గురిలో సంగతి తేల్చాలన్న పట్టుదల ఉన్నవాడిని నేనొక్కణ్ణే అని నాకు గర్వంగా కూడా ఉండింది.

వార్డు సచివాలయంలో ఒక అర్జీ ఇచ్చాను. ఒక రోజు ఒకాయన టేపు తెచ్చి బండల వెంబడి కొలిచాడు. వేర్లు అటువైపు, కొమ్మలు ఇటువైపు, ఇటువైపుకు వచ్చినంత వరకు మీరు కొట్టుకోవచ్చు అన్నాడు. చెట్టును సగానికి నిలువునా కోస్తే మిగతా సగం ఎలా నిలబడుతుందని అడిగాను. అది మా పరిధిలోకి రాదన్నాడు. చాయ్ తాగి వెళ్ళిపోయాడు. ఆ కొలతలు జరుగుతున్నంతసేపూ నాయన మగ్గం ఆపి, గుంతలో కదలకుండా కూర్చున్నాడు, తననే ఎవరో కొలుస్తున్నట్టు.

తర్వాతి చీర కూడా చెడింది. ఈసారి రంగు కాదు. పడుగులో రెండు పోగులు తెగిపోయి, అతకకుండానే సాగిపోయాయి. చీర పొడవునా సన్నటి గీత. మంచి నేతగాడు పోగు తెగిన చప్పుడు చెవితోనే పట్టేస్తాడని నాయనే చెప్పేవాడు. షావుకారు ఆ గీత మీద గోరు నడిపించి, చీర మడత పెట్టాడు.

"ఈ పడుగులో ఇంకొక చీర ఉండాది" అన్నాడు చివరికి. "అది చూసి తర్వాత సంగతి మాట్లాడుకుందాం. ఆ చెట్టన్నా కొట్టించు, మగ్గాన్నన్నా జరుపు."

గుంతమగ్గాన్ని జరపడమంటే భూమిని జరపడమే. కాబట్టి చెట్టే మిగిలింది. ఆ సాయంత్రమే నేను మామ అంగడికి పోయాను. ఈసారి జోకులు లేవు.

"మామా, ఒక్క చీర మిగిలిండాది. అది చెడితే పడుగు రాదు. నాయన మగ్గం దిగల్ల. నీ చెట్టు కోసం మా నాయనను మగ్గం దింపుతావా?"

మామ అద్దాలు తీసి అంగీ కొసతో తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. "మీ నాయనను అడిగినావా, కొట్టమంటాడా అని?"

"ఆయన మొగమాటస్థుడు. అడిగితే వద్దంటాడు."

"వద్దంటే వద్దనే కదరా అర్థం."

"మామా, అడుక్కుంటాండా."

ఆయన గూట్లోంచి మచ్చుకత్తి తీసి పదును చూశాడు. తర్వాత, "ఆదివారం పొద్దున కొడతా. మళ్ళ నన్ను అనొద్దు" అన్నాడు. గెలిచానని ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను.

ఆదివారం మామ మచ్చుకత్తి తీసుకుని బండల మీదికి ఎక్కాడు. ఎక్కి, గొంతుకూర్చుని, గంటసేపు ఆ నిలువు బండల మీదే కొంగలా కుదురుకుని కొమ్మలు నరికాడు. "మామా, మోకాళ్ళు నొప్పి లేవా?" అని కింద నుంచి అరిచాను. ఆయన ఇంకొక కొమ్మ మీద వేటు వేశాడు. నేను కొమ్మలు లాగి వీధిలో కుప్ప వేశాను. ఎక్కడి నుంచో ఆడవాళ్ళు వచ్చి ఆకు దూసుకుపోయారు, మూడేళ్ళ మొగమాటం ఒక్కసారిగా తీరినట్టు. అమ్మ మాత్రం మామకు మజ్జిగ ఇచ్చి, చెట్టు వైపు చూడకుండా లోపలికి పోయింది. నాయన పొద్దున్నే ఎటో పోయాడు.

పది గంటలకల్లా మోకాలెత్తు మోడులు మిగిలాయి. మగ్గం గదిలోకి ఎండ వచ్చి పడింది. మూడేళ్ళుగా ఆ గదికి అంత వెలుతురు తెలియదు. మూలల్లో బూజు, అంచు డిజైను నడిపే జాకార్డు అట్టల మీద దుమ్ము, అన్నీ బట్టబయలయ్యాయి. నాయన వచ్చేలోపల శుభ్రం చేద్దామని నేను ఊడ్చాను, తుడిచాను, సర్దాను. ఆ సర్దడంలో స్టీలు గిన్నెలోని కండెలూ ఈతాకుల బుట్టలోని కండెలూ కలిపి ఒకే బుట్టలో పోసి, గిన్నె కడిగి వంటింట్లో బోర్లించాను. అప్పుడు అమ్మ నీళ్ళ ట్యాంకరు దగ్గర క్యూలో ఉంది.

నాయన వచ్చాడు. గడపలో ఆగి, కిటికీ వైపు ముఖం పెట్టి కాసేపు నిలబడ్డాడు. నేను చప్పట్లు కొట్టకపోవడమే తక్కువ.

"ఎట్లుండాది నాయనా?"

"బాగుండాది" అన్నాడు.

గుంతలోకి దిగాడు. కుడిచెయ్యి చాపాడు. గిన్నె ఉండే చోట గాలిలో చెయ్యి ఆడించాడు. నేను బుట్ట దగ్గరికి జరిపాను. వేళ్ళతో కండె తడుముకుని, తీసి, నాడెలో పెట్టి, ఎప్పటి వేగంతోనే విసరడం మొదలుపెట్టాడు. అది పచ్చది. నీలం మీద పచ్చ, ఎండలో, అద్దంలో చూసినంత స్పష్టంగా. ఒక్క వరస. రెండు. పది. ఆయన కాళ్ళూ చేతులూ ఎంత నమ్మకంగా ఆడుతున్నాయంటే, నా కళ్ళే తప్పు చూస్తున్నాయేమో అనుకున్నాను.

"నాయనా" అన్నాను. "అది పచ్చ."

చేతులు ఆగిపోయాయి. ఆయన నేతకు దగ్గరగా వంగాడు. ఇంకా వంగాడు. ముక్కు పట్టుకు తగిలేదాకా వంగాడు. నీళ్ళ బిందెతో వచ్చిన అమ్మ గడపలోనే నిలబడిపోయింది. కిటికీ అవతల, ఇప్పుడు అడ్డం ఏమీ లేదు కాబట్టి, బండల మీద చెయ్యి ఆనించి నిలబడిన మామ మొహం తేటగా కనిపిస్తోంది.

నాయన తలెత్తి కిటికీ వైపు చూశాడు. "ఇంకా చీకటిగానే ఉండాది కదరా" అన్నాడు. "ఇంకో పక్క కొట్టలేదా?"

ఇంకో పక్క ఏమీ లేదు.

అమ్మ బిందె దించి, వంటింట్లోకి పోయి, స్టీలు గిన్నె తెచ్చి నాయన కుడిపక్కన పెట్టింది. కూర్చుని ఒక్కొక్క కండెనూ ఏరసాగింది. నాయన ఆ పది వరసలూ ఊడదీయడానికి పూనుకున్నాడు. ఊడదీయడం ఆయనకు తడిమితే వచ్చేదే.

నేను మామ దగ్గరికి పోయాను. ఆయన నరికిన కొమ్మల మీద కూర్చుని బీడీ ముట్టించుకున్నాడు.

"నీకు తెల్సా మామా?"

"రెండేండ్లాయె. మీ నాయన ఒకసారి అంగట్లో సబ్బు కొని, వాసన చూసి, ఇది కాదన్నాడు. రంగు చూసి చెప్పాల్సిన మనిషి వాసన చూస్తే తెలీదా?"

"మరి ఆ చెట్టు అత్త గుర్తని..."

"ఆమె ఉన్నింటే ఎప్పుడో కొట్టిచ్చింటాది. పాములంటే ఆమెకు హడలు." ఆయన పొగ వదిలాడు. "మన వీధిలో ఎవురికన్నా కండ్లు పోయినాయని విన్నావా నువ్వు? మోకాళ్ళు పోతాయి. నడుము పోతాది. కండ్లు పోయినాయని నోట్లోంచి వస్తే, మర్నాటికి పడుగు ఇంకొకరి ఇంట్లో ఉంటాది."

"అయితే నీ మోకాళ్ళు..."

"మోకాళ్ళకేమప్పా, గుర్రం మాదిరుండాయి. కండ్లలో పొర వచ్చింది. దాచినా, దాచినా, దాచలేక దిగినా. ఆపరేషనయి అద్దాలొచ్చేలోపల గుంత పూడ్చుకున్నా. మీ నాయనకు సాకు చెప్పుకునేదానికి ఒక చెట్టు దొరికింది. ఆ చెట్టు నాది. తిడితే నాకేం పోతాది?"

"నాతో ఒక్క మాట చెప్పింటే నేను కొట్టమంటానా మామా?"

ఆయన నా వైపు తిరిగాడు. కోపం లేదు ఆ గొంతులో. "నీతోనా? దాన్నొక జోకు చేసి బస్టాండు దాకా తీసకపోతావని మీ అమ్మ భయం. తాజ్‌మహల్ సంగతి నాకు తెలీదనుకున్నావా?"

నేను వంగి, కాలి కింద పడి ఉన్న ఒక గోరింట కొమ్మ తీసి కుప్ప మీద వేశాను.

నాయనను అనంతపురం కళ్ళాసుపత్రికి తీసుకుపోయాం. ఆయన రానంటే, మామ వచ్చి, "బావా, నేను పోయినప్పుడు బస్సులో కిటికీ సీటు ఇచ్చినారు, రా" అని లాక్కొచ్చాడు. డాక్టరమ్మ కంట్లో మందు వేసి, లైటు వేసి, చాలాసేపు చూసింది. షుగరు వల్ల కంటి వెనక తెర దెబ్బతిన్నదని చెప్పింది. మాకు షుగరుందనే తెలియదు. ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉందని అడిగింది. నాయన "ఈ మధ్యనే" అన్నాడు. అమ్మ "రెండేండ్లు దాటింది" అంది. డాక్టరమ్మ నా వైపు చూసింది.

"ముందే వచ్చింటే ఉన్న చూపు నిలబడేది" అందామె మెల్లగా. "ఇప్పుడు మిగిలింది పోకుండా చూసుకుందాం."

గోరింట సాకుతో నాయన రెండేళ్ళు ఎక్కువ నేశాడు. ఆస్పత్రికి పోవాల్సిందీ ఆ రెండేళ్ళలోనే. తిరుగుబస్సులో నేను దీని గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను. అందరూ ప్రేమగానే ఉన్నారు. మామ తిట్లు పడ్డాడు, అమ్మ గిన్నెలు సర్దింది, నేను ట్యూబులైటు బిగించాను. ఇంతమంది ఇంత మంచివాళ్ళు చుట్టూ లేకపోతే ఆ మనిషి బహుశా డాక్టరు దగ్గరికి పోయి ఉండేవాడు.

మిగిలిన ఒక్క చీర మాత్రం ఆగలేదు. మర్నాటి నుంచి మామ అంగడికి తాళం వేసి వచ్చి, మగ్గం పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. ఆయన కళ్ళు, నాయన చేతులు. ఇద్దరికీ కలిపి ఒక నేతగాడు.

"నీలమియ్యి బావా."

"ఇదో."

"ఇది నీలమేనా?"

"కాదు, నా తలకాయ. నెయ్యి."

"నీ తలకాయ రంగయితే చీర అమ్ముడు పోదు."

"ఆపు, ఆపు. పోగు తెగింది. ఎడమ పక్క. ఇంకా ఎడమ. నీకు ఎడమేదో కూడా మర్చిపోయినావా?"

"నువ్వు ఎదురుగా కూచోని చెప్తే నీ ఎడమ నాకు కుడి కదప్పా!"

గుంత పూడ్చుకున్న మనిషి మళ్ళీ మగ్గం చప్పుడు పక్కన కూర్చోవడం వల్లనో ఏమో, మామ గొంతు పెరిగింది. నాయన నవ్వడం చాలా రోజులకు విన్నాను. కొంగు దగ్గరికి వచ్చేటప్పటికి ఇద్దరూ వేగం తగ్గించారు. ఒక పూటలో అయ్యే పని మూడు పూటలు చేశారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

చీర కోసేటప్పుడు మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పడుగు పూర్తిగా లాగేయరు. చివర మూరెడు దారం మగ్గంలోనే వదిలేస్తారు. కొత్త పడుగు వచ్చినప్పుడు దాని పోగులను ఈ పాత పోగులకు ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతుకుతారు. అందుకని ఆడే మగ్గం ఎప్పుడూ ఖాళీగా ఉండదు. నాయన ఆ మూరెడు వదిలి, పైన కోశాడు. కొసలను పాయలు పాయలుగా ముడివేశాడు. ఈ పని ఒక్కటీ మామను పక్కకు జరగమని, తనే తడుముకుంటూ చేశాడు.

షావుకారు చీరను ఎండకు పట్టి చూశాడు. ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. ఒక్క తప్పు లేదు. తర్వాత ఆయన చూపు మగ్గం పక్కన పీట మీద పడింది. పీట మీద కూర్చున్న సోడాబుడ్డి అద్దాల మీద పడింది. ఖాళీగా వెలిగిపోతున్న కిటికీ మీద పడింది.

"ఇప్పుడు వెలుతురు బాగుండాది కదప్పా" అన్నాడు.

"బాగుండాది సావుకారూ" అన్నాడు నాయన.

"పడుగు సంగతి చెప్పి పంపుతా."

ఆయన చెడ్డవాడు కాదు. వెళ్ళేముందు నాయన చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. ముప్పై ఏళ్ళలో ఆయన అలా పట్టుకోవడం అదే మొదలు. పడుగు గురించి ఎవరూ చెప్పి పంపలేదు.

ఇది జరిగి ఏడాది కావస్తోంది. నాయనకు ఇప్పుడు మనుషులు ఆకారాలుగా తెలుస్తారు, గొంతు వింటే ఎవరో చెప్తాడు. పొద్దున పూట అలవాటు కొద్దీ మగ్గం గదిలోనే మంచం మీద కూర్చుంటాడు. ఆ మూరెడు దారం మగ్గానికి అలాగే ఉంది. అమ్మ వారానికోసారి దాని మీద దుమ్ము విదిలిస్తుంది, పోగులు తెగకుండా, పసిబిడ్డ తల తుడిచినట్టు. అంత మెల్లగా నన్ను ఎప్పుడూ తుడిచిన గుర్తు లేదు.

గోరింట మోడుల నుంచి చిగుళ్ళు వచ్చాయి. వాన లేకుండానే. వెనకటిలాగే.

పోయిన వారం ఒకాయన వచ్చాడు. సోమందేపల్లె నుంచి అట. పాత మగ్గాలు కొని, కొయ్య ఒక చోటికి, ఇనుము ఒక చోటికి అమ్మే వ్యాపారం. వాకిట్లో నిలబడి, "అన్నా, మీ ఇంట్లో మగ్గం ఆపేసినారంట కదా. ఇస్తారా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపల లోపల నుంచి నాయన అందుకున్నాడు. "ఎవురప్పా నీకు చెప్పింది? ఆపేయడమేంది? నేసేవాన్నే నేను. కిటికీకి ఆ చెట్టు అడ్డమొచ్చి వెలుతురు ల్యాక నిలిపినా. అది కొట్టినాక మళ్ళ ఎక్కేదే."

వచ్చినాయన గడపలోంచి తొంగి కిటికీ వైపు చూశాడు. ఎండ గదంతా పరుచుకుని ఉంది. బండల అవతల గోరింట చిగుళ్ళు ఇంకా ఆ బండల ఎత్తుకు కూడా రాలేదు. ఆయన నా వైపు తిరిగాడు, ఇదేమిటన్నట్టు. ఇలాంటి సందర్భం దొరికితే వెనకటి నేనయితే వారం రోజులు బస్టాండును నవ్వించేవాడిని.

"అవునన్నా" అన్నాను, బండల అవతలికి వినిపించేంత గట్టిగా. "ఆ పక్కింటాయనకు ఎన్నిసార్లు చెప్పినా కొట్టడు. శానా మొండోడు."

అంగడి లోపల నుంచి మామ గొంతు వచ్చింది.

"కొట్టను పో!"

"ఇన్యావా?" అన్నాడు నాయన ఆ వచ్చినాయనతో, ఎంతో తృప్తిగా. "ఇట్లాంటోళ్ళ పక్కన ఇల్లు కట్టుకుంటే ఇంతే."

ఆయన ఏమనుకున్నాడో, తల ఊపి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. అమ్మ గిన్నెలు కడిగిన నీళ్ళు తపేలాలో పట్టుకుని సందులోకి పోయింది. ట్యాంకరు రాక అప్పటికి ఎనిమిది రోజులు. ఆ నీళ్ళు కాళ్ళు కడుక్కోవడానికి దాచుకునే రోజులు. ఆమె బండల మీదుగా వంగి, తపేలా వంచి, గోరింట మొదట్లో పోసింది.